కోన నుంచి కొండకు... ఒక్క రోజు!

చుట్టూ గోదావరి పాయలు, ఎటు చూసినా కొబ్బరిచెట్లు... కనుచూపు మేరలో ఒక్క కొండ కూడా లేని ఊరు ఐ.పోలవరం. అక్కడ తెల్లారకముందే బయలుదేరితే పొద్దెక్కేసరికి మబ్బుల్లో నడవొచ్చు. రాత్రికి మళ్లీ ఇంటికొచ్చి పడుకోవచ్చు. ఆ ఒక్క రోజు నడకలోనే మన కాళ్ల కింద నేల ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసిపోతుంది!

కోనసీమలో పిల్లలకు మామిడికాయ కొట్టాలంటే రాయి దొరకదు. మట్టిబెడ్డతోనో, రాలిపడిన కొబ్బరి పిందెతోనో సరిపెట్టుకోవాల్సిందే. ఇల్లు కట్టుకోవాలంటే పునాదిరాయి, కంకర గోదావరి దాటి లారీల్లో రావాలి. గౌతమి, వృద్ధ గౌతమి పాయల నడుమ ఉన్న ఐ.పోలవరం వైపు అయితే మరీనూ. గునపంతో ఎంత లోతు తవ్వినా ఒండ్రు, ఇసుక, నీరు... అంతే! 'కొండ' అనే మాట అక్కడ పాఠ్యపుస్తకంలోనో, తిరుపతి మొక్కులోనో వినిపించాలి.

చిత్రమేమిటంటే తెలుగులో 'కోన' అంటే మూల అని ఒక అర్థం, కొండల నడుమ లోయ అని ఇంకో అర్థం. రాయలసీమవాళ్లను అడిగితే తలకోనను చూపిస్తారు. కొండే లేని కోన మాత్రం ఈ గోదావరి చివర ఉన్నదే. అందుకేనేమో, చలికాలం వచ్చిందంటే కోనసీమ కుర్రాళ్ల చూపు ఉత్తరానికి మళ్లుతుంది. రంపచోడవరం, మారేడుమిల్లి, గుడిస... ఏ ఇద్దరు కలిసినా ఇదే మాట. 'ఈ ఆదివారం కొండకెళ్దామేంట్రా?' అని ఒకరంటే 'ఆయ్, పదండి' అని నలుగురు తయారు!

వంతెన దాటితే...

ఐ.పోలవరం మండలంలోని ఎదుర్లంక నుంచి యానాంకు ఒకప్పుడు పడవే దిక్కు. గోదావరి పోటెత్తితే ఆ దారీ బందే. లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జీఎంసీ బాలయోగిది ఎదుర్లంకే. 2002 మార్చి 3న ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూశారు. ఆ ఊరినీ యానాంనూ కలుపుతూ గౌతమి మీద కట్టిన వంతెనకు ఆయన పేరే పెట్టారు. తెల్లవారుజామున మూడింటికి ఆ వంతెన ఎక్కితే కింద నది నల్లగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా సాగుతుంటుంది. నాసిక్ దగ్గర త్య్రంబకేశ్వరంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచొచ్చిన నది అది. ఇక్కడికి వచ్చేసరికి దానికి తొందరేమీ ఉండదు.

యానాం, ద్రాక్షారామం, రామచంద్రపురం... అన్నీ వరిచేలే. రాజమహేంద్రవరం పరిసరాలు దాటి కోరుకొండ చేరేసరికి తూరుపు తెల్లబడుతుంది. నరసింహస్వామి కొలువున్న ఆ గుట్టే ఈ దారిలో కొండ అని చెప్పుకోదగ్గ మొట్టమొదటిది. బండిలో పిల్లలుంటే గనక కునుకు మాని కిటికీకి అతుక్కుపోయేది ఇక్కడే.

ఆ మాటకొస్తే కోనసీమకు కొండతో అనుబంధం కొత్తేమీ కాదు. 1847-52 మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టడానికి ధవళేశ్వరాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం, రాయి దొరికే కొండలు అక్కడే ఉండటం. కోనసీమ కాలువల్లో పారే నీటిని నిలిపింది కొండరాయే అన్నమాట!

గోకవరం దాటాక నేల మెల్లగా పైకి లేస్తుంది. కొబ్బరి పోయి జీడిమామిడి, జీడిమామిడి పోయి వెదురు వస్తాయి. గాలిలో ఉక్క తగ్గుతుంది. రంపచోడవరంలో వేడివేడి ఇడ్లీ తిని, బండిలో పెట్రోలు చూసుకుని ముందుకు కదిలితే అక్కడి నుంచి అసలు అడవి.

పితూరీల దారి

రంపచోడవరం నుంచి మారేడుమిల్లి దారిలో రోడ్డు పక్కన జీలుగుచెట్లు కనిపిస్తాయి. ఆకులు చేపతోకల్లా ఉంటాయి, గెలలు జడల్లా వేలాడుతుంటాయి. తాటిచెట్టుకు అడవి చుట్టమని చెప్పొచ్చు. ఏజెన్సీలో దీని కల్లు తాగే పానీయం మాత్రమే కాదు, పండగకూ పెళ్లికీ కావాల్సిన మర్యాద. ఇలా చెట్ల నుంచి తీసుకునే కల్లు మీద పన్ను వేయడం, మునసబుదారు ఆగడాలు... ఈ రెండూ కలిసే 1879లో రంప పితూరీని రాజేశాయి. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా గడిచాక, 1922లో అల్లూరి సీతారామరాజు మళ్లీ ఇదే అడవుల అండ చూసుకుని తెల్లదొరల మీద తిరగబడ్డారు. పోలీసులు చాలక బయటి నుంచి అస్సాం రైఫిల్స్‌ను దించాల్సి వచ్చింది. దారీ తెన్నూ తెలియని అడవి, పైన మలేరియా... దొరల సైన్యాన్ని అవి రెండూ ముప్పుతిప్పలు పెట్టాయి.

ఈ కొండల అసలు మనుషులు కొండరెడ్లు. గోదావరికి రెండు వైపులా ఉన్న గుట్టల మీద వెదురు, పోడు, అటవీ ఫలసాయం ఆధారంగా బతుకుతున్న ఆదిమ తెగ. వాళ్లు మాట్లాడేది తెలుగే. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ వాళ్ల మధ్య తిరిగి 1945లో ఒక పుస్తకమే ప్రచురించారు. 'బైసన్ హిల్స్'... అంటే అడవిదున్నల కొండలని అప్పటి ఇంగ్లిషువాళ్లు పిలిచిన ఆ కొండలే మన పాపికొండలు. 2008లో వీటిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

మబ్బుల్లో నడక

మారేడుమిల్లి నుంచి గుడిసకు సొంత కారులో వెళ్లాలనుకోవడం సాహసమే. దారి అలా ఉంటుంది మరి! ఇక్కడి జీపులు మాట్లాడుకోవడమే మేలు. పుల్లంగి మీదుగా సాగే ఆ ప్రయాణంలో ఒంట్లో ఎముకలెన్నో లెక్క తేలిపోతుంది. జీపులు దాదాపు పైదాకా వెళతాయి. అయితే చివరి మలుపుల దగ్గర దిగిపోయి నడిచేవాళ్లకే అసలు రుచి తెలిసేది.

మొదటి పావుగంటలోనే కోనసీమ కాళ్లు మొరాయిస్తాయి. చదును నేల మీద పది కిలోమీటర్లు సైకిలు తొక్కే మనిషి కూడా ఇక్కడ వంద అడుగులకోసారి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు. తప్పులేదు. కొండ ఎక్కడానికి పనికొచ్చేవి తొడ కండరాలు. పల్లంలో వాటికి అంత పని ఉండదు. చిన్న చిన్న అడుగులు వేయడం, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతోనే వెళ్లడం, దాహం వేయకముందే గుక్కెడు నీళ్లు తాగడం... ఈ మూడూ పాటిస్తే ఎవరైనా ఎక్కేయొచ్చు.

ఆగినప్పుడల్లా చుట్టూ చూడటానికి బోలెడుంది. చెట్లకు చుట్టుకుని పైకి పాకిన అడ్డాకు తీగలు... ఒకప్పుడు మన పెళ్లిళ్లలో విస్తళ్లు కుట్టింది ఈ ఆకులతోనే. మద్ది, వేగిస, వెదురు పొదలు... కొమ్మ మీంచి మనిషిలా ఈలవేసే కొండగోరింక. అదృష్టం బాగుంటే చెట్టు చెట్టుకూ దూకే పెద్ద ఉడుత. పిల్లిని మించిన పొడవు, ముదురు ఎరుపు రంగు, వెనక బారెడు తోక!

చెట్లు ఉన్నట్టుండి అయిపోతాయి. అక్కడి నుంచి అంతా పచ్చిక. గుండ్రటి గుట్టల మీద గాలికి అలల్లా వంగి లేచే గడ్డి. నవంబరు, డిసెంబరు ఉదయాల్లో అయితే కింద లోయలన్నీ మంచుతో నిండిపోయి, కొండ శిఖరాలు మాత్రం లంకల్లా పైకి తేలి కనిపిస్తాయి. లంక అంటే ఏమిటో కోనసీమవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. చుట్టూ తెల్లటి వరద, మధ్యలో పచ్చటి దిబ్బలు... సొంతూరే ఆకాశంలోకి లేచినట్టుంటుంది!

చెప్పకుండా వచ్చే నీరు

దిగేటప్పుడు ఎండ ముదురుతుంది. ఒళ్లంతా చెమట. కింద ఎక్కడో జలపాతం హోరు. ఒక్కసారి అందులో మునిగితే ఎంత హాయి! సరిగ్గా అక్కడే పల్లంవాళ్లు పొరబడేది.

గోదావరి పక్కన పుట్టి పెరిగినవాళ్లకు వరద అంటే ఒక లెక్క. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అక్కడా 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలున్నాయి. ఆ తర్వాతే లంకలకు నీరు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు, 2022 జులైలో 71.3 అడుగులు దాకా వచ్చినప్పుడు కూడా అది చెప్పే వచ్చింది. గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కడానికి ఎంతో కొంత వ్యవధి ఇచ్చింది.

కొండవాగు అలా కాదు. దానికి హెచ్చరికలుండవు, కొలబద్దలుండవు. మనం నిలబడిన చోట ఎండ కాస్తూనే ఉంటుంది. ఎగువన రెండు కొండల అవతల కురిసిన వాన నిట్టనిలువు వాలు మీద జారి నిమిషాల్లో వచ్చి పడుతుంది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గరి జలతరంగిణి జలపాతంలో జరిగింది ఇదే. విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు నీటిలో ఉండగా ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఈత వచ్చినా రాకపోయినా ఒకటే. మోకాలి లోతు నీరు కూడా ఆ వేగంలో మనిషిని రాళ్ల మీదకు విసిరేస్తుంది.

అందుకే ఏజెన్సీలో ఎవరైనా ముందు చెప్పే జాగ్రత్త వాగు గురించే. తేటనీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినట్టనిపించినా... చెప్పులు, ఫోను, కెమెరా దేనికోసమూ చూడకుండా గట్టు పైకి ఎక్కేయాలి. వానాకాలంలో అసలు నీటిలోకి దిగకపోవడమే మంచిది. పెద్ద గోదారైనా అంతే. 2019 సెప్టెంబరు 15న వరద ఉధృతిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటక బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన సంగతి గోదావరి జిల్లాలు మరిచిపోలేవు.

కొండ కరిగితేనే కోన

వాగు మట్టిరంగుకు మారడం వెనక ఇంకో కథ ఉంది. ఆ మట్టి ఎక్కడికి పోతుంది?

ఈ కొండల రాతి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు తెగ పేరు మీద శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే తుప్పురంగు, మధ్యలో ఎర్రగా మెరిసే గార్నెట్ రవ్వలు. ఎండకు పగిలి, వానకు నాని, ఏటా కొంచెం కొంచెంగా ఆ రాయి పొడి అవుతుంది. ఇక్కడి వాగులు చాలావరకు ఏదో దారిన గోదావరిలోనే కలుస్తాయి. కోనసీమ తీరంలో అలలు వెనక్కి వెళ్లినప్పుడు ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు మిగులుతాయి కదా... ఆ నలుపు ఇల్మనైట్, ఆ ఎరుపు గార్నెట్. తూర్పు కనుమల రాళ్లలో పుట్టి, నది మోసుకొస్తే సముద్రం జల్లెడపట్టి ఒడ్డున పరిచినవే అవి. వాటికి దక్కన్ పీఠభూమి నల్లరేగడి ఒండ్రు తోడైంది. ఇలా వేల ఏళ్లపాటు పేరుకున్న మట్టి మీదే ఐ.పోలవరం నిలబడి ఉంది. కోనసీమలో కొండ లేదనడం పూర్తిగా నిజం కాదు. ఉంది... కాకపోతే పొడిగా మారి, మన కాళ్ల కిందే ఉంది!

ఆ రాక ఇప్పుడు తగ్గిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును మోసుకొచ్చేది. 1990లకు వచ్చేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగువన కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడమే ప్రధాన కారణమని వాళ్లు తేల్చారు. ఫలితం? 1976-2001 మధ్య పాతికేళ్లలో డెల్టా తీరం నికరంగా 1800 హెక్టార్లకు పైగా నేలను సముద్రానికి వదులుకుంది. పోసేవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే తినేవాడికి ఆకలి ఆగదుగా!

అలాగని కొండ ఎంత కరిగితే అంత మంచిదనుకోవడానికీ లేదు. అడవి ఉన్న వాలు మీద వాన ఆకుల మీద పడి, వేళ్ల మధ్య ఇంకి, నెమ్మదిగా ఊటగా దిగుతుంది. చెట్లు పోయిన వాలు మీద అదే వాన మట్టినీ రాళ్లనూ ఒక్కపెట్టున ఊడ్చుకొస్తుంది. మొదటిది వేసవిలోనూ వాగును బతికిస్తుంది. రెండోది నాలుగు రోజులు ఉరికి ఎండిపోతుంది.

గోదావరి మీద రెండు పోలవరాలున్నాయి. ఒకటి పాపికొండల నుంచి నది బయటపడే చోట, ఇంకొకటి సముద్రంలో కలిసే ముందు. ఎగువ పోలవరం దగ్గర కడుతున్న ప్రాజెక్టు కోసం కొండరెడ్ల, కోయల ఊళ్లెన్నో ఖాళీ అయ్యాయి. నీళ్లు, కరెంటు కావాల్సిందే. ఆ నీటి వెనక ఎవరి ఊరు ఉందో కూడా పల్లంవాళ్లకు గుర్తుండాలి. ఎగువ పోలవరానికి ఏం జరిగినా దిగువ పోలవరానికి ఏదో రోజు తెలుస్తుంది.

తిరుగుదారి

మధ్యాహ్నం దాటాక మారేడుమిల్లిలో ఎటు చూసినా పొగ, మసాలా వాసన. పచ్చి వెదురు బొంగులో కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పితే తయారయ్యే బొంగు చికెన్ కోసం జనం బారులు తీరతారు. నూనె చుక్క అక్కర్లేదు. వెదురులోని చెమ్మే మాంసాన్ని ఉడికిస్తుంది. పక్కనే అడవి తేనె, కొండచీపుళ్లు, చింతపండు. కోనసీమ కొబ్బరి బేరమాడినట్టు ఇక్కడ గీచి గీచి బేరమాడకపోతేనే బాగుంటుంది. ఆ తేనె కోసం ఎవరో ఎంత ఎత్తు చెట్టు ఎక్కారో పొద్దున రెండు గంటలు కొండెక్కిన కాళ్లకు తెలుసు కదా!

పర్యాటకులు వస్తే జీపులకు కిరాయి, ఊళ్లకు నాలుగు రూపాయలు. కాదనలేం. వాళ్లతోపాటే నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు, సారా సీసా ముక్కలూ కొండెక్కుతున్నాయి. పచ్చికలో పగిలిన గాజుపెంకు మేతకొచ్చిన పశువు కాలికి గుచ్చుకుంటుంది. గాలికి ఎగిరిన కవరు వానకు వాగులో పడుతుంది. వాగు నుంచి గోదావరి, గోదావరి నుంచి కాలువ... ఎవరు చెప్పొచ్చారు, గుడిస మీద పారేసిన సీసా ఏ కార్తీకంలోనో మన ఊరి రేవు మెట్ల దగ్గరే తేలొచ్చు. కోనసీమవాళ్లకు కొండను శుభ్రంగా ఉంచడం పరాయి ఊరికి చేసే ఉపకారమేమీ కాదు. సొంత కాలువ ఎగువను చూసుకోవడమే!

రాత్రి పదింటికి బండి మళ్లీ ఎదుర్లంక వంతెన ఎక్కుతుంది. పిల్లలు నిద్రలో ఉంటారు. పెద్దల పిక్కలు సలుపుతుంటాయి. కింద గౌతమి పొద్దున ఉన్నట్టే నల్లగా, చప్పుడు లేకుండా ఉంటుంది. ఇంటికెళ్లి బూట్లు దులిపితే గుమ్మం ముందు చారెడు ఎర్రమట్టి రాలుతుంది. గోదారికి ఎన్నో ఏళ్లు పట్టే పనిని ఆ బూట్లు ఒక్క రోజులో చేసేశాయి మరి!

వెళ్లాలనుకుంటే...

* అక్టోబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం. వానలప్పుడు వాగులు, ఘాట్‌రోడ్డు రెండూ ప్రమాదమే.
* గుడిసకు అనుమతించే వేళలు, రుసుములు మారుతుంటాయి. బయలుదేరేముందే మారేడుమిల్లిలో అటవీ శాఖవారిని కనుక్కోవాలి. కొండ మీద మంటలు వేయడం, మద్యం తాగడం వద్దు. ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.
* మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, బెల్లం, వేరుశనగ ఉండలు, టోపీ, జారని బూట్లు ఉండాలి. కొత్త బూట్లు ఆ రోజే తొడిగితే బొబ్బలు ఖాయం.
* మలేరియా ప్రాంతం కాబట్టి నిండు చేతుల చొక్కా, ప్యాంటు మంచివి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.
* చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎటు వెళుతున్నదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి.
* చీకటి పడకముందే ఘాట్ దిగిపోయేలా చూసుకోవాలి. రాత్రంతా మేలుకున్న డ్రైవరుతో తిరుగు ప్రయాణం వద్దు.
* తీసుకెళ్లిన ప్రతి సీసా, ప్రతి కవరూ మీతోపాటే కొండ దిగాలి.